ప్రశ్న మీది, కమాండ్ మాది

ఈసారి ఉత్తరాలన్నీ తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల నుంచే వచ్చాయి. కమాండ్లను చదవడానికి వీలుగా తెలుగు లిపిలో వేస్తున్నాం. టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. చుక్క, స్లాష్, ఖాళీ ఎక్కడుంటే అక్కడే ఉండాలి. కింద చెప్పినవన్నీ విండోస్ 10, 11లకు సంబంధించినవి.

ప్రశ్న: మాది చిత్తూరులో ఫొటో స్టూడియో. ఒక్కో పెళ్ళికి మూడు నాలుగు వేల ఫొటోలు వస్తా ఉన్నాయి. ఆల్బమ్ కోసం పార్టీ వాళ్ళు నచ్చిన ఫొటోల నంబర్లు వాట్సాప్‌లో పంపిస్తారు. వాటిని ఒక్కొక్కటే వెతికి, కంట్రోల్ నొక్కి పట్టుకుని సెలెక్ట్ చేసేసరికి ఒక పూట పోతుంది. మధ్యలో ఒక్క క్లిక్ తప్పిందంటే సెలెక్షన్ మొత్తం పోయినట్టే. దీనికేమైనా దారి ఉందా?

ఉంది. ఒక్క లైను కమాండ్‌తో అయిపోతుంది. అయితే దాని కంటే ముందు లిస్టు శుభ్రంగా ఉండాలి. పని చెడేదంతా అక్కడే.

నోట్‌ప్యాడ్‌లో లైనుకు ఒక నంబరు చొప్పున రాసి, ఫొటోలున్న ఫోల్డర్‌లోనే లిస్ట్.టీఎక్స్‌టీ అనే పేరుతో సేవ్ చేయండి. వాట్సాప్‌లో నంబర్లు కామాలతో వచ్చి ఉంటే ముందుగా వర్డ్‌లో పేస్ట్ చేసి కంట్రోల్+హెచ్ నొక్కండి. వెతకాల్సిన చోట కామా, మార్చాల్సిన చోట ^పి (టోపీ గుర్తు, చిన్న పి అక్షరం) ఇచ్చి అన్నీ మార్చేస్తే ఒక్కో నంబరు ఒక్కో లైనులోకి వస్తుంది. అక్కడక్కడా ఖాళీలు మిగిలినా ఫరవాలేదు, కమాండ్ వాటిని పట్టించుకోదు. కామా మిగిలితే మాత్రం అది కూడా నంబరులో భాగమైపోయి ఆ ఫొటో దొరకదు. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర ఏఎన్ఎస్ఐ ఎంచుకోండి. అన్నీ వచ్చి లిస్టులో మొదటి ఫొటో ఒక్కటే రాలేదంటే ఈ ఎన్‌కోడింగ్‌ని అనుమానించాలి. ఫైలు మొదట్లో కంటికి కనిపించని గుర్తు చేరిందన్నమాట.

ఇప్పుడు ఆ ఫోల్డర్ తెరిచి, పైనున్న అడ్రస్ బార్‌లో సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. కమాండ్ ప్రాంప్ట్ నేరుగా ఆ ఫోల్డర్‌లోనే తెరుచుకుంటుంది. కెమెరా ఫైలు పేర్లు డీఎస్‌సీ_0457 అన్న తీరులో ఉన్నాయనుకుందాం. ముందు దొరకని నంబర్లేవో చూసుకోండి:

ఫర్ /ఎఫ్ %ఐ ఇన్ (లిస్ట్.టీఎక్స్‌టీ) డూ @ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్ డీఎస్‌సీ_%ఐ.జేపీజీ ఎకో %ఐ

ఇది ఏదీ కాపీ చేయదు. లిస్టులో ఉండి ఫోల్డర్‌లో లేని నంబర్లను మాత్రం చూపిస్తుంది. సాధారణంగా ఇక్కడ బయటపడేది సున్నా గొడవ. పార్టీ వాళ్ళు 457 అని పంపుతారు, ఫైలు పేరేమో 0457. అలాంటివి లిస్టులో సరిచేసి మళ్ళీ అదే కమాండ్ ఇవ్వండి. పైబాణం నొక్కితే పాత కమాండ్ తిరిగి వస్తుంది, మళ్ళీ కొట్టక్కర్లేదు. ఏమీ చూపించకుండా ఊరుకుందంటే లిస్టు సరిగ్గా ఉన్నట్టే. ఆ తర్వాత ఈ రెండూ ఇవ్వండి:

ఎండీ ఆల్బమ్

ఫర్ /ఎఫ్ %ఐ ఇన్ (లిస్ట్.టీఎక్స్‌టీ) డూ కాపీ డీఎస్‌సీ_%ఐ.జేపీజీ ఆల్బమ్\

చివరి బ్యాక్‌స్లాష్ మరవకండి. అది లేకుండా, ఆల్బమ్ ఫోల్డర్ కూడా చేసుకోకుండా కమాండ్ ఇస్తే, మొదటి ఫొటో ‘ఆల్బమ్’ అనే పేరున్న ఫైలుగా మారుతుంది. రెండోదాని దగ్గర దాని మీద రాసేయమంటారా అని అడుగుతుంది. తొందరలో అన్నిటికీ సరేనంటే చివరికి మిగిలేది ఒక్క ఫొటోనే. బ్యాక్‌స్లాష్ ఉంటే ఫోల్డర్ లేనప్పుడు తప్పు చూపిస్తుందే తప్ప ఏదీ కాపీ కాదు.

ఇంటర్నెట్‌లో ఇదే కమాండ్ శాతం గుర్తు రెండేసి సార్లు ఉండి కనిపిస్తుంది. అది బ్యాచ్ ఫైలులో (కమాండ్లు రాసి దాచుకునే ఫైలు) రాసుకోవడానికి. నేరుగా కొట్టేటప్పుడు ఒక్కటే ఉండాలి. ప్రాంప్ట్ మొదట్లో పీఎస్ అని ఉంటే మీరున్నది పవర్‌షెల్‌లో. అక్కడ ఇది నడవదు. సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కి, ఆ తర్వాత మొదలుపెట్టండి.

రా ఫైళ్ళు (జేపీజీగా మారని కెమెరా అసలు ఫైళ్ళు) కూడా కావాలంటే అదే లైనులో జేపీజీ తీసి నికాన్ అయితే ఎన్ఈఎఫ్, కెనాన్ అయితే సీఆర్2 లేదా సీఆర్3, సోనీ అయితే ఏఆర్‌డబ్ల్యూ పెట్టండి. నికాన్‌లో కలర్ స్పేస్ అడోబ్ ఆర్‌జీబీకి మార్చి ఉంటే అండర్‌స్కోర్ పేరు ముందుకు జరుగుతుంది, _డీఎస్‌సీ0457 అవుతుంది. ఒక్క ఫైలు పేరు కళ్ళతో చూసుకుని కమాండ్ మార్చుకోండి. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు తీసిన పెళ్ళిలో ఒకే నంబరు రెండు కెమెరాల్లోనూ ఉండొచ్చు. కెమెరాకొక ఫోల్డర్ పెట్టి, పార్టీ వాళ్ళ దగ్గర లిస్టు కూడా విడివిడిగానే తీసుకోవడం మేలు.

ప్రశ్న: తిరుపతి బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. రూ.300 దర్శనం టికెట్లు వదిలిన రోజు ఒక్కో కుటుంబానికి పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు కొట్టేలోపే స్లాట్లు అయిపోతా ఉన్నాయి. వేగంగా నింపే షార్ట్‌కట్లు చెప్పండి.

స్లాట్లు దొరకడం మన చేతిలో లేదు, టైపింగ్ వేగం మాత్రం మన చేతిలోనే ఉంది. గడి నుంచి గడికి మౌస్‌తో వెళ్ళడం మానేయండి. ట్యాబ్ ముందుకు, షిఫ్ట్+ట్యాబ్ వెనక్కి. టిక్ పెట్టే గడి మీద స్పేస్ బార్. ఆడ, మగ లాంటి జాబితా గడి దగ్గర మొదటి అక్షరం కొడితే చాలు, కాకపోతే ఆల్ట్+కిందిబాణం నొక్కితే జాబితా తెరుచుకుంటుంది. కొన్ని సైట్లలో ఆ జాబితాలు వాళ్ళు సొంతంగా తయారుచేసుకున్నవి, అక్షరానికి కదలవు. అలాంటి చోట ఒక్క దానికి మౌస్ తప్పదు.

పేర్లు, నంబర్లు ముందే నోట్‌ప్యాడ్‌లో కొట్టి పెట్టుకోండి. విండోస్ కీ+వి నొక్కితే క్లిప్‌బోర్డ్ హిస్టరీ వస్తుంది. మొదటిసారి దాన్ని ఆన్ చేయమని అడుగుతుంది. చివరగా కాపీ చేసిన 25 వరకు అందులో ఉంటాయి. కొత్తది పైన, పాతది కింద. కాబట్టి నోట్‌ప్యాడ్‌లో కింది నుంచి పైకి కాపీ చేసుకుంటూ రండి. అప్పుడు ఫారంలో అడిగే వరసలోనే పై నుంచి కిందికి దొరుకుతాయి. బాణాలతో ఎంచుకుని ఎంటర్ కొడితే పడుతుంది. రెండంకెల వయసును ఇలా తెచ్చుకోవడం కంటే చేత్తో కొట్టడమే త్వరగా అవుతుంది. పొడవాటి పేర్లకు, 12 అంకెల ఆధార్‌కు మాత్రం ఇది బాగా పనికొస్తుంది.

అయితే మీ దగ్గర ఉన్నవి పరాయివాళ్ళ ఆధార్ నంబర్లు. ఒక కుటుంబం పని అవగానే విండోస్+వి తెరిచి క్లియర్ ఆల్ నొక్కండి. పిన్ చేసినవి ఆ క్లియర్‌కి పోవు, కంప్యూటర్ రీస్టార్ట్ చేసినా పోవు. అందుకని ఆధార్‌ను ఎప్పుడూ పిన్ చేయొద్దు. నోట్‌ప్యాడ్ ఫైలు కూడా తీసేయండి. సెట్టింగ్స్, సిస్టమ్, క్లిప్‌బోర్డ్ దగ్గర మిగతా పరికరాలతో సింక్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. బుకింగ్‌కు కంట్రోల్+షిఫ్ట్+ఎన్‌తో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి, పని అవగానే దాన్ని మూసేస్తే ఒకరి లాగిన్ ఇంకొకరికి మిగలదు. డబ్బు కట్టే పేజీ తిరుగుతున్నప్పుడు ఎఫ్5 జోలికి, ఆల్ట్+ఎడమబాణం జోలికి వెళ్ళకండి. ఖాతాలో డబ్బు కోసేసి టికెట్ రాని కేసులు కొన్ని అక్కడే మొదలవుతాయి.

ప్రశ్న: చిత్తూరు కోర్టు దగ్గర వకీలు ఆఫీసులో టైపిస్టును. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో యూనికోడ్ తెలుగు కొడుతున్నాను. ‘అఫిడవిట్‌లో’ అని రావాల్సింది ‘అఫిడవిట్లో’ అని ట కింద ల వత్తు పడుతోంది. స్పేస్ ఇస్తే రెండు ముక్కలవుతోంది. అనూ ఫాంట్లలో ఈ బాధ ఉండేది కాదు.

అనూలో అక్షరం ఆకారాన్ని మీరే ఎంచుకునేవారు. యూనికోడ్‌లో పొల్లు తర్వాత హల్లు వస్తే ఒత్తుగా కలపడం కంప్యూటర్ పని. కలపొద్దని చెప్పాలంటే రెండిటి మధ్య కనిపించని అక్షరం ఒకటి పెట్టాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ట, పొల్లు, ఆ తర్వాత ఇది, ఆ తర్వాత ల, ఓత్వం. ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు డి కీ మీద ఉంటుందని మీకు తెలిసిందే.

నోట్‌ప్యాడ్‌లో, బ్రౌజర్‌లో తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉండగా కంట్రోల్+షిఫ్ట్+2 నొక్కితే అది పడుతుంది. ఎంఎస్ వర్డ్‌లో మాత్రం ఆ కలయికకు వేరే పని ఉంది, అందుకే చాలామందికి అక్కడ పనిచేయదు. వర్డ్‌లో పొల్లు కొట్టాక విండోస్+స్పేస్‌తో ఇంగ్లీషుకు మారి, 200సి అని కొట్టి వెంటనే ఆల్ట్+ఎక్స్ నొక్కండి. ఆ నాలుగూ మాయమై వాటి చోట కనిపించని అక్షరం చేరుతుంది.

పది పేజీల దావాలో ప్రతిసారీ ఇలా చేయలేరు. దానికి వేరే పద్ధతి. టైప్ చేసేటప్పుడు ఆ అక్షరం కావలసిన చోటల్లా రెండు కామాలు కొట్టుకుంటూ పోండి, ‘అఫిడవిట్,,లో’ అని. టైపింగ్ అంతా అయ్యాక చివర ఖాళీ లైనులో 200సి, ఆల్ట్+ఎక్స్‌తో ఒక్క అక్షరం తయారుచేయండి. షిఫ్ట్+హోమ్‌తో దాన్ని సెలెక్ట్ చేసి కంట్రోల్+ఎక్స్‌తో కట్ చేయండి. అక్కడ కంటికేమీ కనపడదు, కంగారు పడకండి. తర్వాత కంట్రోల్+హెచ్. వెతకాల్సిన చోట రెండు కామాలు, మార్చాల్సిన చోట ^సి (టోపీ గుర్తు, చిన్న సి). క్లిప్‌బోర్డ్‌లో ఉన్నదాన్ని ఇక్కడ పెట్టమని దానికి అర్థం. రీప్లేస్ ఆల్ కొడితే పత్రమంతా ఒక్కసారిగా సరిపోతుంది. రెండు కామాలే ఎందుకంటే దావాలో అవి పక్కపక్కనే మామూలుగా రావు, ఇన్‌స్క్రిప్ట్‌లో భాష మార్చకుండానే పడతాయి. రెండు హైఫన్లు వాడితే వర్డ్ తనంతట తానే వాటిని గీతగా మార్చేస్తుంది.

పాత అనూ ఫైళ్ళను కాపీ చేసి యూనికోడ్ పత్రంలో పెట్టకండి. అందులో ఉన్నవి నిజానికి ఇంగ్లీషు గుర్తులే, ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. కన్వర్టర్‌లో మార్చాకే వాడాలి, మార్చాక కూడా వత్తులు, అంకెలు ఒకసారి చదువుకోవాలి. సర్వే నంబర్లు ఉన్న పత్రమైతే మరీ జాగ్రత్త.

ప్రశ్న: యూనివర్సిటీ రోడ్డులో జెరాక్స్ షాపు. ప్రింటర్ క్యూలో ఒక ఫైలు ఇరుక్కుని ‘డిలీటింగ్’ అని ఉండిపోతుంది. దాని వెనక పదిమంది నిలబడి ఉంటారు. కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే ఐదు నిమిషాలు పడుతోంది.

రీస్టార్ట్ అక్కర్లేదు. స్టార్ట్ నొక్కి సీఎండీ అని కొట్టి, ఎంటర్ బదులు కంట్రోల్+షిఫ్ట్+ఎంటర్ నొక్కండి, అడ్మిన్ హక్కులతో తెరుచుకుంటుంది. అందులో:

నెట్ స్టాప్ స్పూలర్

ఇప్పుడు విండోస్+ఇ నొక్కి, సి డ్రైవులో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అన్న ఫోల్డర్ దాకా వెళ్ళండి. అనుమతి అడిగితే ఇవ్వండి. లోపల ఎస్‌పీఎల్, ఎస్‌హెచ్‌డీ అని రెండు రకాల ఫైళ్ళుంటాయి. మొదటిది ప్రింటు కావలసిన సరుకు, రెండోది దాని వివరాలు. లోపలివన్నీ తీసేయండి, ఫోల్డర్‌ని మాత్రం ఉంచండి. తర్వాత:

నెట్ స్టార్ట్ స్పూలర్

ఈ తీసేసే పనిని కూడా ఒక్క డెల్ కమాండ్‌తో చేయొచ్చని చాలా చోట్ల రాస్తారు. సిస్టమ్32 లోపల ఒక్క అక్షరం తప్పితే ఏం పోతుందో చెప్పలేం. గిరాకీ ఒత్తిడిలో ఉన్నప్పుడు కళ్ళతో చూసి తీయడమే మంచిది. క్యూలో ఉన్న మిగతా వాళ్ళ ఫైళ్ళు కూడా పోతాయి కాబట్టి వాటిని మళ్ళీ పంపాలి.

తరచూ ఒకే రకం పీడీఎఫ్ దగ్గర ఆగుతుంటే అడోబ్ రీడర్ ప్రింట్ కిటికీలో అడ్వాన్స్‌డ్ నొక్కి ప్రింట్ యాజ్ ఇమేజ్ టిక్ పెట్టండి. కాస్త నెమ్మదిస్తుంది గాని చాలావరకు ఇరుక్కోదు. యూఎస్‌బీ వైరు వేరే పోర్టుకు మార్చినప్పుడు విండోస్ అదే ప్రింటర్‌ని ‘కాపీ 1’ పేరుతో కొత్తగా చేర్చుకోవచ్చు. మీరేమో పాతదానికే పంపుతుంటారు, అది ఆఫ్‌లైన్‌లో ఉంటుంది. ఆ సంగతి కూడా ఓసారి చూడండి.

ప్రశ్న: మాది పలమనేరు, తిరుపతిలో చదువుతున్నాను. ప్రాజెక్టు ప్రింటు తీయించుకుని వచ్చాక పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయాయి. ఫైళ్ళు పోయినట్టేనా?

పోలేదు, వైరస్ వాటిని దాచేసింది. ఆ షార్ట్‌కట్ల మీద డబుల్ క్లిక్ మాత్రం చేయకండి. ఫోల్డర్ తెరుచుకుంటుంది, దాంతోపాటే వైరస్ కూడా మీ ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. పెన్‌డ్రైవ్ అక్షరం ఎఫ్ అనుకుంటే కమాండ్ ప్రాంప్ట్‌లో:

అట్రిబ్ -హెచ్ -ఆర్ -ఎస్ /ఎస్ /డి ఎఫ్:\*.*

అట్రిబ్ స్పెల్లింగ్ ఏ టి టి ఆర్ ఐ బి. ఎఫ్ బదులు మీ డ్రైవు అక్షరం పెట్టుకోండి, పొరపాటున సి పెట్టొద్దు. ఫైళ్ళు ఎక్కువుంటే కాసేపు పడుతుంది. అయ్యాక అసలు ఫోల్డర్లు కనిపిస్తాయి. ఒక్కోసారి పేరే లేని ఫోల్డర్ ఒకటి బయటపడుతుంది, సరుకంతా అందులోనే ఉంటుంది. మీ ఫైళ్ళు మాత్రం కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, విండోస్‌లోనే ఉండే డిఫెండర్‌తో స్కాన్ చేయించి, పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేయండి. సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అన్నది విండోస్‌దే, దానితో భయం లేదు. ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌ను మళ్ళీ పెట్టగానే షార్ట్‌కట్లు వచ్చాయంటే జబ్బు ల్యాప్‌టాప్‌కే అంటుకుంది, ముందు దాన్ని పూర్తిగా స్కాన్ చేయాలి. ఇకపై ప్రింటుకు పీడీఎఫ్‌ను మెయిల్‌లో పంపుకోండి.

ప్రశ్న: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. తోతాపురి సీజన్‌లో లారీలు వరసగా వస్తుంటాయి. తేదీ, సమయం, తూకం ఎక్సెల్‌లో త్వరగా ఎక్కించాలి. ఇంకొకటి, రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు కొన్ని చివర సున్నాగా మారుతున్నాయి.

తేదీకి కంట్రోల్+సెమీకోలన్, సమయానికి కంట్రోల్+షిఫ్ట్+సెమీకోలన్. ఇవి ఆ క్షణానికి పడి అలాగే ఉంటాయి. నౌ, టుడే ఫార్ములాలు వాడితే రేపు ఫైలు తెరిచేసరికి మారిపోతాయి, లారీ రిజిస్టరుకు అవి పనికిరావు. పై గడిలో ఉన్నదే మళ్ళీ కావాలంటే కంట్రోల్+డి. మొత్తానికి ఆల్ట్+ఈక్వల్.

రెండో సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెల వరకే గుర్తుంచుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరు కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది, ముందున్న సున్నాలు రాలిపోతాయి. 12 అంకెలు గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే చూడ్డానికి 1.23ఇ+11 లాగా కనిపించవచ్చు, అది చూపే తీరు మాత్రమే, లోపల అంకెలు క్షేమం. 16వ అంకె పోవడం అలాంటిది కాదు. తర్వాత ఫార్మాట్ మార్చినా తిరిగి రాదు, పాస్‌బుక్ చూసి మళ్ళీ కొట్టాల్సిందే. కాబట్టి కొట్టకముందే కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి కంట్రోల్+1 నొక్కి టెక్స్ట్ ఎంచుకోండి. ఒకటి రెండు గడులకైతే నంబరు ముందు సింగిల్ కోట్ పెడితే చాలు. బ్యాంకు పంపే సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరిచినా ఇదే జరుగుతుంది. డేటా మెనూలోని ఫ్రమ్ టెక్స్ట్ దారిలో తెరిచి ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా చూపించండి.

ప్రశ్న: ఎక్సెల్‌లో బాణం కీలు నొక్కితే గడి మారకుండా షీటంతా జరుగుతోంది. (పుత్తూరు)

స్క్రోల్ లాక్ పడింది. మీ కీబోర్డులో ఆ కీ లేకపోతే విండోస్+కంట్రోల్+ఓ నొక్కండి, తెర మీద కీబోర్డు వస్తుంది. అందులో స్క్రోల్ లాక్ మీద ఒక్క క్లిక్.

ప్రశ్న: ఎఫ్2 నొక్కితే పేరు మార్చుకోవచ్చంటారు. నా ల్యాప్‌టాప్‌లో వెలుతురు తగ్గుతోంది. (శ్రీకాళహస్తి)

పై వరస కీలకు వెలుతురు, శబ్దం పనులే ముందు పెట్టి అమ్ముతున్నారు. ఎఫ్ఎన్ పట్టుకుని ఎఫ్2 నొక్కండి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్+ఎస్కేప్ ఒకసారి నొక్కితే శాశ్వతంగా మారుతుంది. మారకపోతే బయోస్‌లో (విండోస్ మొదలవకముందు తెరుచుకునే సెట్టింగుల తెర) యాక్షన్ కీస్, హాట్‌కీ మోడ్ లాంటి పేరుతో ఉంటుంది. పది ఫైళ్ళు సెలెక్ట్ చేసి ఎఫ్2 కొట్టి ఒక పేరిస్తే అన్నిటికీ అదే పేరు, పక్కన వరస నంబర్లతో పడుతుంది. నచ్చకపోతే కంట్రోల్+జడ్.

ప్రశ్న: రాత్రి డౌన్‌లోడ్ పెట్టి పడుకుంటాను. రెండు గంటల తర్వాత కంప్యూటర్ దానంతటదే ఆగిపోవాలి. (తిరుపతి)

విండోస్+ఆర్ నొక్కి షట్‌డౌన్ /ఎస్ /టి 7200 అని కొట్టండి. చివరిది సెకన్ల లెక్క. షట్‌డౌన్ ఒకే మాటగా, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. మనసు మారితే షట్‌డౌన్ /ఎ. వర్డ్‌లో సేవ్ చేయని ఫైలు తెరిచి ఉంచకండి, సమయం ఇచ్చి పెట్టిన షట్‌డౌన్ తెరిచి ఉన్న ప్రోగ్రాములను అడగకుండానే మూసేస్తుంది.